ఏ బిడ్డను చల్లబరచాలి

ఆవకాయ ముక్కలు ఒక్కొక్కటే పొడిగుడ్డతో తుడుస్తోంది హైమవతి. పొద్దుట్నుంచి మూడు కాన్పులు చేసి వచ్చినా ఆ పని అత్తగారు ఇంకెవరికీ అప్పగించరు. "డాక్టరైతే ఏంటి, ఇంటి కోడలివేగా" అని పెళ్ళయిన ఏడాదే అనేశారావిడ. ఇంటి ముందున్న ఆసుపత్రిలో కాన్పులన్నీ హైమవతి చేస్తుంది. నూజివీడంతా దాన్ని వెంకటరమణగారి ఆసుపత్రి అంటుంది. తనూ డాక్టరే అయిన భర్త వెంకటరమణ పన్నెండేళ్ళుగా ఆ మాట సరిదిద్దలేదు, ఆమె అడగనూ లేదు.

నర్సు దయామణి పరుగున వచ్చింది. "మేడమ్, నాగేంద్రమ్మ కడుపులో బిడ్డకి గుండె నెమ్మదించిందండీ!"

నాగేంద్రమ్మ మామిడితోటల్లో కాయలు మోస్తుంది. ఇది తొలికాన్పు. నిండు నెలల మగపిల్లాడు పుట్టాడు, మంచి బరువు, కానీ ఏడవలేదు. హైమవతి మాస్కు పెట్టి ఊపిరి అందిస్తూనే ఉంది. పన్నెండో నిమిషానికి ఛాతీ తనంతట తాను కదిలింది. గంట తిరక్కుండా ఫిట్స్ మొదలయ్యాయి. సూదిమందు ఇచ్చింది.

"బల్బు కింద పెట్టు, వెచ్చగా ఉండాలి," అన్నాడు వెంకటరమణ గుమ్మంలోంచి.

ఆమె చెయ్యి స్విచ్చి దగ్గరే ఆగిపోయింది. ఊపిరందక మెదడు దెబ్బతిన్న బిడ్డల్ని చల్లబరిస్తే మేలని పాత వైద్య పత్రికల్లో కొందరు రాశారు. చలికి నెల తక్కువ పిల్లలు చనిపోతున్నారని తేలాక ఆ దారి వదిలేశారు. అన్నం ఉడికేలోపు రోజూ రెండేసి పేజీలు చదువుతూ ఆమె ఒక్కటే వెతికింది, ఏ బిడ్డకి చెయ్యొచ్చు, ఏ బిడ్డకి చెయ్యకూడదు అని. పోయిన నెల ఏడోనెలలో పుట్టిన పిల్లకి అలా చెయ్యనే లేదు, తల్లి గుండెలకి ఆనించి వెచ్చగా ఉంచింది. వీడు నిండు నెలలవాడు. ఆలస్యమైతే లాభం లేదు.

మంచం పక్కన కూర్చుంది. "నాగేంద్రమ్మా, నీ బిడ్డని చల్లగా ఉంచి చూస్తాను. బతుకుతాడని మాటివ్వలేను. ఇది నేనెప్పుడూ చెయ్యలేదు."

బిడ్డ నాయనమ్మ ఏదో అనబోయింది. నాగేంద్రమ్మ చెయ్యెత్తి ఆపింది. "మీరు నా కళ్ళల్లోకి చూసి చెప్పారు డాక్టరమ్మా. చెయ్యండి."

తడిగుడ్డలు, ఫ్యాను. మామూలు థర్మామీటరు తొంభై అయిదు డిగ్రీలకి కింద చూపదని విజయవాడ నుంచి వేరేది ఎప్పుడో తెప్పించుకుంది. తొంభై మూడు దగ్గర నిలిపింది. దిగితే గుడ్డ తీసేది, ఎక్కితే తడిపేది. మూడు రోజులు, అరగంటకోసారి. ఆమె ఒక్క అరగంట కూడా తప్పలేదని దయామణి తర్వాత అందరికీ చెప్పింది. నాలుగో రోజు మెల్లగా వెచ్చబరిచారు. అయిదో రోజు వాడు రొమ్ము పట్టుకుని గుటకలేశాడు. నాగేంద్రమ్మ ఏడుస్తూ నవ్వింది.

వెంకటరమణ కేసు షీటు చేతిలోకి తీసుకున్నాడు. "ఆదివారం డాక్టర్ల మీటింగులో చెప్తాను. ఇక ఏడవని ప్రతి బిడ్డకీ ఇదే చేద్దాం."

"ప్రతి బిడ్డకీ కాదండీ," అంది హైమవతి. "నెల తక్కువ బిడ్డకి చేస్తే ప్రాణం పోతుంది. ఒక్కడు బతికితే అది రుజువూ కాదు. ఈ రెండూ కూడా చెప్పాలి. మీటింగుకి నేను వెళ్తాను."

"మరి ఆదివారం వంట?"

ఆమె షీటు మెల్లగా వెనక్కి తీసుకుంది.

"అది మీరు చూసుకోండి."