కాలు పట్టేంత చోటు

నారాయణగూడ చౌరస్తా దాటాక రెండో సందులో ఎల్లేశం సీట్ల దుకాణం. ముప్పై ఏళ్లుగా కార్ల సీట్లు విప్పడం, కుట్టడం, మళ్లీ బిగించడం, ఇదే అతని పని. ఆ పనిలో అతనికి గర్వం కాస్త ఎక్కువే. మనిషిని ఎదురుగా నిలబెట్టి ఒక్కసారి కిందికీ మీదికీ చూశాడంటే నడుము దగ్గర ఎంత స్పాంజి పెట్టాలో చెప్పేస్తాడు. అలాంటివాడు కూడా ఆ సోమవారం ఉదయ్ కుమార్ కారులోంచి దిగడం చూసి నోరు వెళ్లబెట్టాడు. ముందు ఒక కాలు బయటికొచ్చింది. కాసేపటికి తల వచ్చింది. ఆ తర్వాత మిగతా మనిషి వస్తూనే ఉన్నాడు.

ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. కారు అతని ఛాతీ దాకా కూడా రాదు. రెండే సీట్లున్న ఎర్ర స్పోర్ట్స్ కారు. ఎల్లేశం దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. అది ఉదయ్ తమ్ముడు కృష్ణచైతన్యది. మూలనపడ్డ పాత బండిని కొని, అశోక్ నగర్‌లో ఇంటి కిందే పెట్టుకుని రెండేళ్లు కష్టపడి బాగుచేసుకున్నాడు. పొట్టివాడు, ఐదడుగుల మూడంగుళాలు. రోడ్డు కనబడడం లేదని గోల చేస్తే డ్రైవర్ సీటు ఎత్తు చేసి ఇచ్చింది ఎల్లేశమే. పోయిన ఏడాది జ్వరంతో ఆస్పత్రిలో చేరి తొమ్మిదో రోజున పోయాడు. ముప్పై ఒక్క ఏళ్లు కూడా నిండలేదు.

"అమ్మ అమ్మేస్తనంటుంది అన్నా," అన్నాడు ఉదయ్. "కవరు కప్పిన కారు రోజు పొద్దున కండ్ల ముందర ఉంటే తన వల్ల అయితలేదట. నేను నడుపుత అన్న. నువ్వు అందుల పడితే గద అన్నది. ఆదివారం దాంక టైమిచ్చింది. మంచిగ నడిపి చూపిస్తే ఉంచుతది. లేకుంటె దోమలగూడ నుంచి ఒకాయన వచ్చి తీస్కపోతడు."

"నీ అసుంటోన్ని దీంట్ల పట్టించాల్నంటే పైకప్పుకు బొక్క కొట్టాలె తమ్మీ."

ఉదయ్ నవ్వలేదు. ఎల్లేశం నాలుక కరుచుకుని టేపు అందుకున్నాడు.

ఎల్లేశం లెక్క సులువైనది. తలకీ పైకప్పుకీ మధ్య పిడికిలి పట్టాలి. మోకాలికీ స్టీరింగ్‌కీ మధ్య నాలుగు వేళ్లు పట్టాలి. ఆ దుకాణంలో ఇంకో పద్ధతి కూడా ఉంది. విప్పి పని మీద ఉన్న సీటు అతనికి కత్తెర, సూది లాంటిదే. దసరాకు బొట్టుపెట్టి దండం పెట్టుకునే వస్తువుల మీదికి చెప్పులతో ఎక్కనివ్వడు. ఎంత పెద్దమనిషైనా బయట విడిచి వచ్చి కూర్చోవలసిందే. ఉదయ్‌కి ఆ మాట చెప్పే అవసరమే రాలేదు. తమ్ముడి కారు కదా, తనంతట తానే చెప్పులు విడిచి, గుళ్లోకి వెళ్లినంత భయభక్తులతో లోపలికి దూరాడు.

రెండు రోజులు ఒళ్లు దాచుకోకుండా పనిచేశాడు ఎల్లేశం. తాను ఒకప్పుడు పెట్టిన స్పాంజిని తానే తీసేశాడు. సీటు కింది పట్టాలు విప్పి సీటును నేరుగా కారు అడుగుకు బిగించాడు. వీపు భాగాన్ని వెనక్కి వాల్చాడు. పెద్ద స్టీరింగ్ తీసి చిన్నది వేయించాడు. మంగళవారం సాయంత్రానికి పిడికిలి పట్టింది. నాలుగు వేళ్లూ పట్టాయి.

"హాయిగున్నదా?"

"మంచిగుంది అన్నా."

"పెడళ్లు సరిగ్గ అందుతున్నయా? కాలు యాడన్న తలుగుతుందా?"

"లేదన్నా. బాగుంది. ఇంకేం ముట్టకు."

ఆ చివరి మాట దగ్గర ఎల్లేశం ఆగాల్సింది. మెత్తటి సీటు కావాలని, ఇంకా మెత్తగా కావాలని ప్రాణం తీసేవాళ్లనే చూశాడు కానీ, ఇంకేం ముట్టుకోవద్దు అన్న గిరాకీని ఎన్నడూ చూడలేదు. అయినా ఆగలేదు. తన పనితనానికి తానే మురిసిపోయి తాళాలు చేతికిచ్చేశాడు.

మర్నాడు పొద్దున ఉదయ్ ఆ కారులోనే బషీర్‌బాగ్‌లోని ఆఫీసుకు బయలుదేరాడు. ఏదో పని ఉండి చిక్కడపల్లి మీదుగా వెళ్లాడు. కూరగాయల బండ్ల దగ్గర ఎవరో అడ్డం వస్తే బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు సరికదా ముందుకు ఎగిరింది. సుబ్బులు అనే ఆమె బండికి గుద్దుకుని ఆగింది. టమాటాలన్నీ రోడ్డు పాలయ్యాయి. సుబ్బులు మోచేయి గీసుకుపోయింది. ఇంకో అడుగు ఇటు జరిగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయం.

గురువారం వంగిన బంపరుతో కారు మళ్లీ ఎల్లేశం ముందుకొచ్చింది. "ఇది సీదా చెయ్యన్నా. ఆదివారం ఇచ్చేస్తం. నాకు నడపొస్తలేదని అమ్మకు చెప్పిన," అన్నాడు ఉదయ్.

ఎల్లేశం చూపు అతని కాళ్ల మీద పడింది. నల్లటి ఆఫీసు షూస్, పన్నెండో నంబరువి. తాను కొలిచింది ఉత్త కాళ్లను. మామూలు కార్లలో అర అంగుళం అటూ ఇటూ అయినా ఎవరికీ తెలియదు. ఈ కారులో ప్రతి అంగుళం లెక్కే.

"షూస్‌తోనే కూసో," అన్నాడు. ముప్పై ఏళ్లలో ఆ మాట అనడం అదే మొదలు. మోకాళ్ల మీద కూర్చుని లోపలికి తొంగిచూశాడు. బ్రేకు తొక్కితే షూ అంచు పక్కనున్న ఎక్సలేటర్‌ను కూడా తొక్కుతోంది. రెంటి మీదా మందపాటి వెడల్పు ఇనుప పలకలు ఉన్నాయి. పొట్టి కాళ్లకు పెడళ్లు అందక చైతన్య సొంతంగా వెల్డింగ్ చేసుకున్న పలకలు అవి.

"ఇవి కోసేస్తే అయిపోతుండె. నీకు ఎరికనే గద? ఎందుకు చెప్పలే?"

"చెప్తే కోస్తవని."

"మరి ప్రాణం కంటె ఎక్కువనా?"

"సీటు నువ్వు చేసింది, నువ్వే తీసినవు. అది వేరే," అన్నాడు ఉదయ్. "ఇవి వాడు తన చేతులతోని చేసుకున్నడు. కోయించనీకి నేనెవర్ని?"

ఎల్లేశానికి కోపమూ దుఃఖమూ ఒక్కసారే వచ్చాయి. బంపరు సరిచేసి కారు పంపించేశాడు కానీ, రెండు రోజులు నిద్ర పట్టలేదు. శనివారం సాయంత్రం పనిముట్ల సంచి భుజాన వేసుకుని అశోక్ నగర్ వెళ్లాడు. ఉదయ్ తల్లి విద్యావతి తలుపు తీసింది.

"తప్పు నాది అమ్మా," అన్నాడు నిలబడే. "మీ కొడుక్కు నడపొచ్చు. నేనే ఉత్త కాళ్లతోని కొలిచిన. పెడళ్ల మీది పలకలు కోస్తే ఏ పరేషానీ ఉండది. కోయనిస్తలేడు. మీరు జర చెప్పాలె."

ఆమె గుమ్మం బయటికొచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"నేను నీతోని నిజం చెప్తున్న ఎల్లేశం," అంది. "వాడు అందుల పట్టొద్దనే అనుకున్న. చిన్నోని సీట్ల ఇంకొకలు కూసుంటే చూడనీకి నాకు మనసొప్పలే. ఆ మాట అనలేక, పడితే ఉంచుకో అన్న. పట్టడని తెలిసే అన్న."

ఎల్లేశం తల వంచుకున్నాడు.

"పెద్దోడు చిన్నప్పట్నుంచి గంతే," అంది ఆమె. "లోపలి రూముల మంచం వానికి సాలది. పదేండ్ల నుంచి కాళ్లు బయట పెట్టుకోని పంటున్నడు. నాకు చిన్నగైతుందని ఒక్కనాడు అనలే. నేను గూడ అడగలే. చిన్నోడు అడిగేటోడు, చిన్నోనికి చేసిన." ఆమె తలుపు తోసి లోపలికి కేకేసింది. "ఉదయ్! షూస్ ఏస్కొని కిందికి రా."

ముగ్గురూ కారు దగ్గరికి వెళ్లారు. ఉదయ్ ఏమీ అడగకుండా ఒళ్లు ముడుచుకుని డ్రైవర్ సీట్లోకి దూరాడు.

"బ్రేకు తొక్కు. కాలు పడుతుందా?"

"పడుతుంది అమ్మా."

"నా మొఖం చూసి చెప్పు."

అతను చూడలేకపోయాడు. "పడతలేదు," అన్నాడు స్టీరింగ్ వైపు చూస్తూ. "ఉండనీ అమ్మా. తమ్ముడు చేసుకున్నది గట్లనే ఉండనీ. రేపు ఇచ్చేద్దాం."

"తమ్ముడు పోయిండు ఉదయ్."

ఏడాదిలో ఆ మాట ఆమె నోటినుంచి రావడం అదే మొదటిసారి. ఉదయ్ ఉలిక్కిపడి తల్లి వైపు చూశాడు. ఆమె ఎల్లేశం వైపు తిరిగింది.

"కొయ్యి. నా పెద్దకొడుకు కాలు పట్టాలె."

ఎల్లేశం ఉదయ్‌ని దింపలేదు. కాళ్లు పక్కకు తీయించి, గోనెపట్టా కప్పి, కటింగ్ మిషన్ ఆన్ చేశాడు. మొదటి పలక ఊడి కిందపడేసరికి ఉదయ్ ఏడవడం మొదలుపెట్టాడు. తమ్ముణ్ని మోసుకెళ్లిన రోజు కూడా తల్లి ముందు ఏడవని మనిషి, ఆ ఇరుకు కారులో కూర్చుని పసివాడిలా ఏడ్చాడు. రెండో పలక కూడా ఊడిపడింది. మిషన్ ఆగింది.

విద్యావతి వంగి, లోపలికి చెయ్యి పెట్టి, అతని మోకాలు పట్టుకుంది.

"ఇగ కాళ్లు చాపు బిడ్డా," అంది.