అబ్రహాం ఇనుప స్కేలు

సూర్యాపేటలో అబ్రహాం టైలరు పొద్దున్నే షాపు తెరిచి, మిషనుకు నూనె వేసి, ఇనుప స్కేలును గుడ్డతో తుడుస్తాడు. పట్టుకున్న మనిషి సంతోషంగా ఉంటే ఆ స్కేలు సాగుతుంది, దిగులుగా ఉంటే ముడుచుకుంటుంది. కూతురు కృపారాణి పుట్టిన వారం ఆయన కత్తిరించిన చొక్కాలన్నీ వదులుగా వచ్చాయి. బిడ్డ పుట్టింది గదా అనుకుని జనం చేతులు మడిచి తొడుక్కున్నారు.

ఆ కృపారాణి ఇప్పుడు అదే షాపులో ఓ మూలన కూర్చుని చర్చిల గిటార్లు బాగుచేస్తోంది. మిర్యాలగూడ చర్చిలో పాటలు పాడించే జయరాజు తన గిటారు మళ్ళీ వెనక్కి తెచ్చాడు.

"మెడ కింది దిక్కు వాయిస్తే శ్రుతి తప్పుతున్నదమ్మా. సభలు దగ్గర పడ్డయి. నీతోని అయితదా, హైదరాబాద్ పంపాల్నా?"

అతను వెళ్ళగానే అబ్రహాం కత్తెర పక్కన పెట్టాడు. "ఇగ సాలు బిడ్డా. రైస్ మిల్లుల లెక్కలు రాసే కొలువు ఇస్తమన్నరు గదా. సోమవారం పోయి చేరు."

"ఒక్కపారి మంచి సామాన్లతోని సూస్త నాయినా. అప్పటికీ కాకుంటే పోత."

ఇద్దరూ గిటారు, స్కేలు పట్టుకుని కోదాడ బస్సెక్కారు. అక్కడ సంగీత వాయిద్యాల దుకాణం భాస్కర్ పనిముట్ల పెద్ద పెట్టె తెరిచాడు. "మొత్తం సెట్టు తీసుకోండమ్మా, అన్నీ ఉంటాయి."

కృపారాణి అంత తేలిగ్గా లొంగే రకం కాదు. మెడ వంపు చూసే సూటిపట్టీలను ఒక్కొక్కటే గాజుబల్ల మీద నిలబెట్టి, కిందనుంచి వెలుతురు తొంగిచూడనిదాన్నే పక్కన పెట్టింది. తీగ ఎత్తు కొలిచే గేజీ, మెడ మీది ఫ్రెట్టు కమ్మీల తల గుండ్రంగా అరగదీసే ఆకురాయి ఏరుకుంది. చివరికి కొత్త స్టీలు స్కేలు తీసి పాతదాన్ని దాని పక్కన పట్టుకుంది. పాతది చిటికెనవేలంత పొట్టిగా ఉంది.

"ఏంటమ్మా, దిగులా?" అన్నాడు భాస్కర్. అబ్రహాం రోడ్డు మీద లారీలు చూస్తూ నిలబడ్డాడు.

పాతది బల్ల మీద పెట్టి, కొత్త స్కేలుతో ఆమె జయరాజు గిటారు కొలిచింది. మళ్ళీ కొలిచింది. పోయిన నెల తాను ఊడదీసి అతికించిన, తీగలు ఆనే బ్రిడ్జి గోరంత వెనక్కి జరిగి ఉంది.

"దొరికింది నాయినా! నేను అతికించిన్నాడు మన స్కేలు సాగి ఉన్నది!"

"ఆనాడు గంత సంబరం ఏమొచ్చెనే నీకు?"

"ఏం లేదు. ఊకె పని చేసుకుంటున్న."

కృపారాణి నవ్వుతూ, బ్రిడ్జి ఎక్కడికి జరపాలో పెన్సిలుతో గీత గీసుకుంది. బల్ల మీది పాత స్కేలు అడ్డమొస్తుంటే పక్కకు పెడదామని చేతిలోకి తీసుకుంది. అది జరజరా సాగి భాస్కర్ టీ గ్లాసును తోసేసింది. భాస్కర్ గ్లాసు పట్టుకుని, బల్ల తుడిచి, ఆకురాయికి కవరు వెతకడంలో పడ్డాడు.

అబ్రహాం దగ్గరికొచ్చి, ఆమె చేతిలోని పాతదాని పక్కన కొత్త స్కేలు పెట్టి చూశాడు. తేడా జానెడుంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా పెండ్లినాడు గూడ గింత సాగలే బిడ్డా."

జేబులోంచి ఫోన్ తీసి మిల్లుకు కలిపాడు.

"సార్, సోమవారం మా బిడ్డ రాదు. ఆమెకు పని దొరికింది."