సబ్బుకు అంటుకున్న ఎర్ర రవ్వ

నేను ఒక ఎర్ర ఇసుక రవ్వను. నన్ను సముద్రం అడుగు నుంచి పైకి తీసిన ఆ పుష్యమాసపు ఉదయం, ఆకాశం మంచై నీళ్ల మీదికి దిగిపోయింది. తెల్లవారిందన్న మాటే గాని, పొద్దు ఎటు పొడిచిందో తెలియదు.

నా పుట్టుక తూర్పు కనుమల్లో. ఏ కాలపు సముద్రమో వదిలి వెళ్లిన బురద భూమిలోకి కుంగి, ఉడికి, నలిగి రాయి అయింది. ఆ రాతిలో దానిమ్మ గింజలా నేను గట్టిపడ్డాను. కొండ అరిగి నేను బయటపడ్డాక ఒక వాన నన్ను వాగులో వేసింది, వాగు వంశధారలో వేసింది. తేలికపాటి తెల్ల రవ్వలను కెరటాలు దూరం తోసుకుపోయాయి. మేం బరువైనవాళ్లం. ఏరు సముద్రంలో కలిసే మొగ ఎదుటే అడుగున ఉండిపోయాం. కొండ మీద విన్న అడవికోడి కూత నాకింకా గుర్తే.

ఒకప్పుడు పడవవాళ్లు మమ్మల్ని పలకరించేవారు. తాడుకు సీసపు గుండు కట్టి, దాని అడుగున మైనం రాసి దించేవారు. అంటుకొచ్చిన ఇసుకను చూసి తామెక్కడున్నారో చెప్పుకునేవారు. తర్వాత దారి చూపే పెట్టెలొచ్చాయి. మనుషులు దారి తప్పితేగాని కిందికి చూడరు.

ఆ ఉదయం గుండు మళ్లీ దిగింది. ఈసారి మైనం కాదు, మల్లెపూల వాసన. సబ్బు! అంటుకుని పైకొచ్చాను.

పడవలో ఇద్దరే. ముసలి దానయ్య, అతని అల్లుడు తాతీలు. అల్లుడు ఈ గుండును పాతసామాన్లవాడికి ఇవ్వబోయిన నాటి నుంచి అతనితో మామకు సరిగా మాటల్లేవు. ఇప్పుడు అల్లుడి పెట్టె తడిసి ఆగిపోయింది. కెరటాల పోకను బట్టి ఒడ్డు ఎటో తెలుస్తోంది. కానీ ఎదురుగా మొగ ఉందో, పడవను చీల్చే బండలున్నాయో తెలియదు. డీజిలు ఒక్క పరుగుకే ఉంది.

“నా ఒంటి సబ్బంతా రాసేసినావు. గంగమ్మకి తానం సేయిస్తన్నావేటి మావా?”

“నీ పెట్టి సచ్చింది గదా, ముందు దానికి సేయించు.”

“ఇందాకా బురదే వొచ్చింది. సూటిగా ఒడ్డుకి కొట్టీనా?”

“ఆగరా. నా కూతురు ఒడ్డున కాసుకోనుంటాది. దానికి పడవ సెక్కలు సూపిస్తావా?”

తాతీలు ఇంజిను తాడు మీంచి చెయ్యి తీశాడు. దానయ్య నన్ను గోటితో గీరి పంటి కింద పెట్టాడు. నేను నలగలేదు. అరచేతిలోకి ఉమ్మి చూశాడు.

“ఎర్రది. కొండది. ఏరు తెచ్చింది. ఎదురుగా మొగే. కొట్టు!”

అల్లుడు నా వంక చూసి, మామ వంక చూసి, ఇంజిను లాగాడు. ఇద్దరి ప్రాణాలూ నా రంగు మీద పెట్టుకుని పడవ మంచులోకి దూరింది. కుడివైపు కెరటాలు విరుగుతున్న హోరు. ఎడమవైపూ హోరే. మధ్యలో మాత్రం చప్పుడు లేదు. చప్పుడు లేని ఆ సందే మొగ.

ఏటిలోకి రాగానే ఇంజిను దానంతటదే ఆగింది. తాతీలు చద్దన్నం గిన్నె మూత తీసి మామ ముందుకు జరిపాడు. దానయ్య ఎండు నెత్తళ్ల చేపలు వేసి కలిపాడు. అతని అరచేతిలోంచి నేను అన్నంలోకి జారాను.

మూడో ముద్దకు తాతీలు పంటి కింద కటుక్కుమన్నాను. మరో రోజైతే తిట్టి ఉమ్మేసేవాడే. నన్ను మెల్లగా వేలితో తీసి చూశాడు. పక్కనున్న గుండుకు మిగిలిన సబ్బులో అద్ది, మళ్లీ గిన్నెలో చెయ్యి పెట్టాడు. దానయ్య అది చూసి, ఒక చేపను తుంచి అల్లుడి వైపుకు తోశాడు.

గిన్నె ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ అందులోనే తిన్నారు.