తలుపుదాకా

వెనక చక్రాల బురద కడిగి, బకెట్టు గోడవార పెట్టి, పిన్ని తడిగుడ్డతో బస్సెక్కింది. డిపోలో బస్సులు కడిగే ఆమెకు అదే పేరు. వేళ్ళు నీళ్ళలో నాని ముడతలు పడ్డాయి. మెట్టెక్కితే మోకాళ్ళు కటుక్కుమంటాయి.

నల్లబురదైతే చేలు, ఎర్రదైతే కొండలు అనుకునేది. ఆ ఊళ్ళన్నీ ఆమె పాదాల కిందే కరిగి కాలవలోకి పోయేవి. ఒక్కటీ చూసింది లేదు. తాను కదిలితే బిడ్డకు జ్వరమొస్తుంది, ఇల్లు అంటుకుంటుంది, బస్సెక్కితే బ్రేకులు పడవు అని భయం. బిడ్డ పెద్దదై ఉద్యోగం చేస్తున్నా, తుమ్మితే ఈమె గుండె గుభేలుమంటుంది.

ఆఖరున కిటికీ పక్క సీటు తుడిచి, అందులోనే కాసేపు కూర్చుంటుంది. కండక్టరు ఎక్కుతూ రోజూ అడుగుతాడు, "పిన్నీ, టికెట్టు ఎక్కడిదాకా?"

"తలుపుదాకా నాయనా," అని దిగిపోతుంది. ఏళ్ళుగా అదే పరాచికం.

ఇవాళ్టితో ఆమె పని సరి. రేపట్నుంచి ఆ సీటూ ఉండదు.

సీటు సందులో గుడ్డకు ఇసుక తగిలింది. తెల్లగా, పిండిలా ఉంది. వేలికి అద్దుకుని నాలుక మీద పెట్టుకుంది. ఉప్పన. కళ్ళు మూసుకుంటే బస్సు ఊగుతున్నట్టే ఉంది, ఇంకా ఇంజనైనా స్టార్టు చేయలేదు.

బిడ్డకు ఫోన్ చేసింది. "పొయ్యి ఆర్పానా?"

"ఆర్పావమ్మా. ఆర్పావో లేదో నేనూ చూశాను. ఎందుకు?"

"ఏం లేదు. రావడం ఆలస్యమవుతుందేమో."

"నువ్వు లేకపోతే ఇల్లేం కాలిపోదులే. వెళ్ళు," అంది బిడ్డ, ఎక్కడికని అడగకుండానే.

కండక్టరు ఎక్కాడు. "పిన్నీ, ఎక్కడిదాకా?"

"ఈ బస్సు పోయే దారి చివర ఏముంటుంది నాయనా?"

"ఏముంటుంది, నీళ్ళు."

"నీళ్ళేనా? నా బతుకంతా వాటిలోనేగా."

"ఇవి నువ్వు పోస్తే వస్తాయి. అక్కడివి వాటంతటవే వస్తాయి."

పిన్ని ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. "బ్రేకులు చూశారా?"

"చూశాం."

"అయితే చివరిదాకా ఇవ్వు."

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి, టికెట్టు చింపాడు.

ఆమె తుడిచిన అద్దంలోంచి డిపో గేటు మెల్లగా, కలలోలా, వెనక్కి జారిపోయింది. కమ్మీ మీద ఒక చెయ్యి వదులైంది. కాసేపటికి రెండోదీ.

గోడవార బకెట్టు అలాగే ఉంది. ఎర్రమన్ను అడుక్కి దిగి, పైన నీళ్ళు తేటపడుతున్నాయి.