ఎంతమంది లాగుతారు?

ఇనప గొలుసుల షాపాయన దగ్గర ఏం కొనాలన్నా ముందు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఎంత బరువు, ఎంత దూరం, ఎంతమంది లాగుతారు. చెప్పింది సుద్దముక్కతో కౌంటర్ మీది నల్లరేకు మీద రాసుకుంటాడు. రాసుకున్నాకే అరలో చెయ్యి పెడతాడు. నాకసలే ఓపిక తక్కువ.

"కొనడానికొచ్చానా, పరీక్ష రాయడానికొచ్చానా?" అన్నాను.

"పరీక్ష తప్పితే ఇంటికెళ్లొచ్చు. ఇది తప్పితే కాలో చెయ్యో పోతుంది. చెప్పండి, బరువెంత?"

"లేత్ మిషన్. ఎనిమిది వందల కిలోలు."

"దూరం?"

"ఇరవై రెండడుగులు. మధ్యలో వాలు, చివర గుమ్మం. కింద పైపులు వేసి దొర్లిస్తాం."

"ఎంతమంది?"

అర మీద వరసగా ఉన్న, బరువులు లాగే వించ్‌ల వైపు చూశాను. పచ్చరంగువి, నీలంరంగువి, కొత్త గ్రీజు వాసన కొడుతున్నాయి.

"ఇద్దరం," అన్నాను.

అతను 2 అని వేశాడు.

అబద్ధం. మా ఆవిడ పోయి పదకొండు నెలలు. ముప్పై ఏళ్ల అలవాటు కదా, నోరు జారిందని సర్దిచెప్పుకోవచ్చు గానీ అదీ నిజం కాదు. తెలిసే చెప్పాను. "ఒక్కణ్ణే" అన్న మాట నేను ఇంతవరకూ ఎవరి ముందూ అనలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి ముందు మొదలుపెట్టడం దేనికని అనిపించింది.

"ఇద్దరైతే ఈ చేతి వించ్ చాలు," అన్నాడతను, ఒకటి దించి కౌంటర్ మీద పెడుతూ. "గది లోపల నేలకి బోల్టులతో బిగించండి. ఒకరు హ్యాండిల్ దగ్గర, ఒకరు బరువు దగ్గర. పైపుల మీద కాబట్టి లాగుడు మూడొందల కిలోలు దాటదు. అయినా టన్నుది తీసుకోండి. ఇనప తాడు డ్రమ్ము మీద పక్కపక్కన చుట్టుకోవాలి. ఒకదాని మీదొకటి ఎక్కితే నలిగి చస్తుంది. అదీ బయట నుంచి రెండో మనిషే చూసుకోవాలి. ఒక్కరే అయితే మాత్రం ఇది ఇచ్చేవాణ్ణి కాదు. పుల్లర్ ఇచ్చేవాణ్ణి."

"పుల్లర్లూ గిల్లర్లూ వద్దు. మా పాతది అచ్చం ఇలాంటిదే. పళ్లరిగిపోయాయంతే. ఇదే ఇవ్వండి."

హ్యాండిల్ తిప్పి, చెయ్యి వదిలేసి, వెనక్కి తిరగదని చూపించాడు. నాకు నేర్పుతున్నాడు! ముప్పై ఏళ్లు ఆ హ్యాండిల్ తిప్పినవాడికి. ఒళ్లు మండింది. బస్తాలో వేయించుకుని వచ్చేశాను.

లేత్ ఉన్న షెడ్డు మాది కాదు, స్థలం మాత్రం మా పెరటిని ఆనుకుని ఉంటుంది. సోమవారం దాన్ని పడగొడతామని స్థలం ఆయన కబురుపెట్టాడు. మిషన్ ఈలోపు బయటికి రాకపోతే రేకులతో పాటు పాత ఇనుములోకి పోతుంది. దాన్ని పెట్టడానికి ఇంట్లో ఉన్నది ఒకే గది, మేం పడుకునే గది. అందుకని ఇద్దరు పడుకునే మంచం విప్పి పలకలు గోడకి చేరవేశాను. వంటింట్లో చాప చాలు నాకు.

ఆ మిషన్ మీద బతికాం మేమిద్దరం. ఇనుము కోసేది నేను, కొలిచేది ఆవిడ. వెనక వైపు ఉండే చేతి చక్రం ఆవిడ సొత్తు. రంధ్రం వేసే పని వస్తే నన్ను పక్కకి నెట్టి తనే తిప్పేది. ఊళ్లో ఎవరి మిషన్ జరపాలన్నా మమ్మల్నే పిలిచేవారు. నేను వించ్ దగ్గర కూర్చుని గోడకేసి చూస్తూ తిప్పేవాణ్ణి. ఆవిడ బరువు పక్కన నడుస్తూ, పైపులు మారుస్తూ, ఎప్పుడు ఆగాలో చెప్పేది. ఇంట్లో నోరు తెరిస్తే "ఏమండీ" తప్ప ఇంకోటి వచ్చేది కాదు. బరువు దగ్గర మాత్రం "ఆగవోయ్!" అని ఒక్క కేక వేసేది. చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వేవారు. "నలుగురిలో మొగుణ్ణి పట్టుకుని అదేం పిలుపే?" అంటే, "ఆగండి అనేసరికి అర అంగుళం పోతుంది," అనేది. కావాలనే అనేదని నా అనుమానం.

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టాను. గోడవతల కుట్టుమిషన్ పెట్టుకున్న దర్జీ అమ్మాయి పిట్టగోడ మీంచి తల పెట్టింది.

"నేనొచ్చి చూస్తూ నిలబడనా బాబాయ్? ఆపమంటే ఆపమని చెప్తాను."

"నీ జాకెట్లు నువ్వు కుట్టుకోమ్మా, పుణ్యముంటుంది," అన్నాను.

పాపం, ఆ పిల్ల మొహం చిన్నబోయింది. నిజం చెప్పాలంటే, మా ఆవిడ నిలబడిన చోట ఇంకొకరు నిలబడి నన్ను ఆపడం నాకు ఇష్టం లేదు. అంతే.

వాలు మీద బాగానే సాగింది. నాలుగు చుట్లు తిప్పడం, లేచి బయటికెళ్లి పైపు మార్చడం, వెనక చెక్కముక్క అడ్డం పెట్టడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. మోకాళ్లు పీకుతున్నా లోపల కాస్త గర్వంగానే ఉంది. మిషన్ గుమ్మంలోకి వచ్చింది. ఇక ఐదడుగులే కదా అని ఒక్క ఊపున తిప్పాను, గోడకేసి చూస్తూ.

హ్యాండిల్ బరువెక్కింది.

బరువెక్కితే ఆగాలి. ఈ మాట పసిపిల్లాడు కూడా చెప్తాడు. నాకు తెలియదు. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా నా అంతట నేను ఆగలేదు. బరువెక్కినా తేలికైనా కేక వినపడేదాకా తిప్పడమే నా పని. కేక రాలేదంటే దారి బాగుందని అర్థం. ఆ రోజు కూడా కేక రాలేదు. రెండు చేతులూ వేసి తిప్పాను. చెవులు మాత్రం గుమ్మం వైపే ఉన్నాయి, పిచ్చి చెవులు.

ఫట్‌మని చప్పుడైంది. లేచి చూస్తే, చేతి చక్రం ద్వారబంధానికి తగులుకుని అంచు విరిగింది. పోత ఇనుము కదా, బిస్కెట్టు ముక్కలా ఊడి కింద పడింది. ఆవిడ అరచేతి రాపిడికి నున్నగా మెరిసే అంచు. డ్రమ్ము మీద తాడు ఒకదాని మీదొకటి ఎక్కి నలిగిపోయింది.

"బాబాయ్! ఏమైంది?" అని గోడవతల నుంచి అరుపు.

"ఏం కాలేదు!" అని నేనూ అరిచాను.

గుమ్మంలో సగం లోపల, సగం బయట ఉన్న మిషన్‌కి ఆనుకుని, ఆ ముక్క చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ పోయిన రోజు ఇంటి నిండా జనం. ఎవరో ఒకరు మాట్లాడిస్తూనే ఉన్నారు, ఏడవడానికి చోటు దొరకలేదు. ఇప్పుడు దొరికింది. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ముక్క చేతిలో వేడెక్కిపోయింది.

తర్వాత మిషన్ వెనక చెక్కలు బిగించి, నలిగిన తాడు బస్తాలో వేసుకుని షాపుకు వెళ్లాను. షాపాయన తాడు చూసి కళ్లు చిట్లించాడు.

"రెండో మనిషి ఏం చూస్తున్నట్టు?"

అతను రేకు ముందుకు లాక్కుని శుభ్రంగా తుడిచాడు.

"ఎంత బరువు?"

"నిన్న చెప్పానుగా!"

"మళ్లీ చెప్పండి."

"ఎనిమిది వందలు."

"దూరం?"

"ఇక నాలుగడుగులు. గుమ్మంలో ఉంది."

"ఎంతమంది లాగుతారు?"

షాపులో ఇంకెవరూ లేరు. ఉన్నా చెప్పేవాణ్ణేనేమో, ఇక దాచుకోవడానికి ఓపిక లేదు.

"ఒక్కణ్ణే," అన్నాను. "మా ఆవిడ చూసుకునేది. ఇప్పుడు లేదు. ఒక్కణ్ణే."

అతను నా మొహంలోకి చూడలేదు, అందుకు ఈ రోజుకీ కృతజ్ఞుణ్ణి. 1 అని వేసి లోపలికెళ్లి, పొడుగు పిడి ఉన్న పుల్లర్ తెచ్చాడు.

"దీన్ని నేలకి కాదు, బరువుకే కట్టండి. తాడు కొస గోడకి తగిలించండి. తాడు ఇటు దూరి అటు బయటికొస్తుంది, చుట్టుకునే గొడవ లేదు. ఊపుకి రెండు వేళ్లంత కదుల్తుంది. బరువు పక్కనే మీరూ నడుస్తారు. మీ కళ్లు మీకు పనికొస్తాయి."

ఆదివారం పొద్దున గునపంతో మిషన్ ముందు కొసను పక్కకి జరిపాను. చక్రం ద్వారబంధాన్ని తప్పించుకుంది. పుల్లర్ తగిలించి పిడి ఊపాను. రెండు వేళ్లు. మళ్లీ రెండు వేళ్లు. మిషన్ పక్కన నడవడం నాకు అదే మొదటిసారి. ఆవిడ ఇన్నేళ్లూ చూసింది ఇదన్నమాట. పైపు కింద నలిగే ఇసక, మిషన్ కొసకీ గుమ్మానికీ మధ్య వేలెడు సందు. ఆ సందులోకి చెయ్యి పెట్టి పైపులు మార్చేది.

గోడకి రెండడుగుల ఇవతల, మంచం తలవైపు ఉండే చోట, నేల మీద సుద్దతో గీత గీసి ఉంచాను. మిషన్ గీత దగ్గరకొచ్చింది. కళ్లకు కనిపిస్తూనే ఉంది. చెయ్యి ఆగలేదు. అది ఇంకా కేక కోసం చూస్తోంది.

"ఆగవోయ్!" అన్నాను.

పైకే అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, గోడవతల కుట్టుమిషన్ చప్పుడు టక్కున ఆగింది. నా చెయ్యీ ఆగింది.

టేపు పెట్టి కొలిచాను. గీత దాటి అర అంగుళం పోయింది. ఆవిడ ఉంటే పోనిచ్చేది కాదు.