రెండవ యంకె

భాద్రపదమాసమున నొకనాటి యపరాహ్ణమందు ఉదయాదిగ నెడతెగక వర్షించి యలసిన మేఘమండలము తూర్పుకొండలవంక మెల్లమెల్లన సాగిపోవుచుండ తడిసిన కోటగోడలపై పలుచని యెండ పసుపునీరువలె జాఱుచుండ చూరులనుండి బొట్టుబొట్టుగ రాలు నీటిచప్పుడును వాకిళ్లలోపల శ్రుతి సవరించుకొను వయొలినుల నాదమును నొకదానితో నొకటి కలసి విజయనగరమంతయు మఱచిన రాగమేదో జ్ఞప్తికి దెచ్చుకొనుచున్నట్లుండ విశాఖపట్టణమునుండి వచ్చిన పాసింజరుబండి దిగి హైమవతి కోటవెనుకవీథిని బట్టి నడచుచుండెను.

వీథిమలుపునొద్ద నిలిచి యామె తన ఫోనునందు వైఫై నార్పివేసెను. తెఱచియుంచినచో ఆ యింటి వైఫై తన్ను పోల్చుకొని లోనికి బిలుచునేమో యని యొక భయము. పిలువదేమో యని యంతకంటె బెద్ద భయము. కోపించి విడిచివచ్చిన గడప కనబడినంతనే గుండె దడదడ కొట్టుకొనుటకు సిగ్గుపడవలసిన వయస్సు తనదని యామె తన్ను దానే మందలించుకొనెను గాని గుండె యెన్నడు నొకరి మందలింపు వినినది కాదు.

ఆ యింటి యజమానుడును హైమవతి భర్తయు నగు సోమశేఖరము వయొలిను విద్వాంసుడు. ఆ మహానుభావునకు వయొలిను వాయించు కమాను చేతనున్నంతసేపే నోరుండును. కమాను క్రిందబెట్టెనా మూగనోము పట్టినవాడే. శిష్యులన్న నాతనికి ప్రాణము. వంటయింటి గట్టుమీదను వయొలిను పెట్టెలే, మంచము క్రిందను వయొలిను పెట్టెలే, తులసికోట చుట్టును పిల్లల చెప్పులే. పాలిటెక్నిక్కు కళాశాలలో కంప్యూటరు పాఠములు చెప్పి యలసి వచ్చు నిల్లాలికి కూర్చుండ నొక కుర్చీయైన దొరకకుండెను. నిరుటి వర్షకాలమున నొకనాడామె గుమ్మమునొద్దనే నిలిచి "ఇంతమందికి చోటున్న ఈ ఇంట్లో నాకు చోటేదండీ?" అని యడిగెను. ఆతడామెవంక దీనముగ జూచి యేదో చెప్పబోయి చెప్పలేక తీగ బిగించుకొనసాగెను. ఆనాడొక్కమాట పలికియున్నచో ఈ కథయే లేకుండెడిది. పలుకలేదు. హైమవతి విశాఖకు బదిలీ చేయించుకొని వెడలిపోయెను.

వెడలుట సులభమే గాని మఱచుట యెవరితరము? ఆ మహానగరమున నే యంగడిలోనుండియో వయొలినునాదము చెవినిబడినచో ఆమె పాదములు వానియంతట నవియే నిలిచిపోయెడివి. రమ్మని యాతడు పిలువలేదు. వత్తునని యీమె యనలేదు. ఇంతలో అనంతపురమున నొక పెద్దయుద్యోగము సిద్ధమై యా రాత్రిలోగా సమ్మతి తెలుపవలసివచ్చెను. అంతదూరము పోయినపిదప నీ గడప తొక్కుట కలలోనిమాటయని యామెకు దెలియును. తెలిసియు సమ్మతింతుననియే నిశ్చయించుకొనియుండగా ఆతని యక్కయగు కామేశ్వరమ్మ ఫోను చేసినది. ఆనాటి సాయంకాలము శిష్యులందఱును గూడి వాయింపనున్నారనియు, స్వరములను వైఫై ద్వారా వారివారి ఫోనులందే చూచుకొనవలెననియు, ఆ వైఫై కొందఱిని చేర్చుకొని తక్కినవారిని గెంటివేయుచున్నదనియు, దాని నమర్చిన చేయి నీదే గనుక దాని గుట్టును నీకే తెలియవలెననియు మొఱపెట్టుకొనెను. ఆ పిలుపు ఆతనినుండి రాలేదుగదా యని కొంత నొచ్చుకొనియు హైమవతి వచ్చినది.

"వచ్చేవుటే హైమా!" అని కామేశ్వరమ్మ వాకిటనే యెదురువచ్చెను. "సగం మంది పిల్లలకి పట్టుకుంటోంది, సగం మందికి లేదు. వీడేమో శ్రుతి చూసుకుంటూ కూచున్నాడు. కొంప మునిగినా వీడికి శ్రుతే!"

సోమశేఖరము లేచెను. కుర్చీమీది వయొలిను పెట్టెను దీసి దిగువనుంచి, కుర్చీని కండువాతో దుడిచి యామెవైపు జరిపెను. స్వాగతమంతయు నంతియే.

హైమవతి కంప్యూటరు ముందు కూర్చుండి రౌటరు పేజీని దెఱచెను. వైఫై నిచ్చు నా రౌటరు పెట్టె ఇంటిలోనికి వచ్చిన ప్రతి ఫోనునకును నొక ఐపీ అడ్రసు నొసగును. అందు నూటతొంబదిరెండు, నూటయఱువదియెనిమిది, ఒకటి యను మొదటి మూడు సంఖ్యలును అందఱికి నొక్కటియే, ఇంటిపేరువంటివి. కడపటి యంకె మాత్ర మెవరిది వారిదే. ఆ యంకెల నెచటనుండి యెచటివఱకు పంచవలెనో చెప్పు హద్దొకటి యుండును. హద్దు నిండినపిదప వచ్చినవాడు గుమ్మమునొద్ద నిలువవలసినదే.

ఆ హద్దును వెదకుచుండ నామెకు పూర్వము దానిని తాను నిర్ణయించిననాటి ముచ్చట మదిలో మెదలెను. ఒకటవ యంకె రౌటరుది. రెండు మొదలు రెండువందలవఱకు వచ్చినవారికి. అందఱికంటె ముందు తన ఫోనే చేరి రెండవ యంకె నందుకొనగా "ఒకటి ఇంటిది, రెండు ఇల్లాలిది. మీరు మూడుతో సరిపెట్టుకోండి" అని తాను నవ్వినది. నవ్వని యా పురుషుడు నానాడు నవ్వెను. ఆ నవ్వు తలపునకు రాగా ఆమె కన్నులు చెమర్చెను.

హద్దు కనబడెను. చూచి యామె యాశ్చర్యపడెను.

"ఇది నేను పెట్టింది కాదు వదినగారూ. మూడు నుంచి ఇరవై దాకానే ఉంది. పద్దెనిమిది ఫోన్లు చేరగానే తలుపు పడిపోతోంది."

"మరి ఒకటీ రెండూ ఏమయ్యేయే?"

"ఒకటి ఆ పెట్టెది. రెండు..." అని హైమవతి మాట మార్చి "ఎవరిదీ కాదు" అనెను.

"అయితే ఖాళీయే కదుటే! ముందది నా ఫోనుకి ఇచ్చీ."

వెనుకనుండి సోమశేఖరము గొంతు వినబడెను. "అది ఖాళీ కాదక్కా."

కామేశ్వరమ్మ తనవంక దిరుగగా నాతడు మరల పలికెను.

"అది హైమది."

హైమవతి వెనుదిరుగలేదు. తిరిగినచో కన్నీరాగదని యామె యెఱుంగును. "ఎప్పుడు మార్చేరు?" అని తెరవంకనే చూచుచు నడిగెను.

"నువ్వెళ్లిన నెలలో. నీ ఫోనొచ్చిందేమో అని రోజూ ఆ పేజీ తెరిచి చూసేవాణ్ణి. ఓ రోజు రెండు కనిపించింది. పరిగెత్తుకుని వీధిలోకి వెళ్లేను. నువ్వు కాదు. కొత్తగా చేరిన పిల్ల ఫోనది. ఇంకెవరికీ అది పడకూడదనుకున్నాను. నువ్వు చేస్తుంటే వెనకాల నుంచి చూసేవాణ్ణి కదా, అలాగే మూడు అని వేసేను. తరవాతదాంట్లో ఏదో తప్పు నొక్కినట్టున్నాను."

"సున్నా ఒకటి పోయిందండీ." అని నవ్వబోయి యామె యేడ్చెను. "అంతమంది పిల్లలకి తలుపేసి నాకు చోటుంచేరా! ఆ ముక్క నాతో అంటే నోట్లో ముత్యాలు రాలిపోయేవా?"

"రమ్మంటే రానంటావేమోనని భయం, హైమా. అడక్కపోతే ఆశేనా మిగులుతుంది కదా."

ఏడాదిపొడుగున నామె కోరి కోరి వేసారిన పలుకు అదియే. సంగీతసభలయందు శాలువలు కప్పించుకొన్న విద్వాంసుడు ఈ రెండుముక్కలు పలుకుటకు ముచ్చెమటలు పోసికొనుచుండెను. ఆమెకు కోపమును వచ్చెను, జాలియు గలిగెను. ఆ రెంటిని మించి యిన్నాళ్లు వృథాగ గడచెనే యను దుఃఖము కలిగెను.

అంతట హైమవతి కన్నులు తుడుచుకొని యిరువది యున్నచోట రెండువందలు వేసెను. మూడును మూడుగనే యుంచెను. రౌటరు క్షణకాల మాఱి మరల వెలుగగా పెరటినుండియు నరుగులనుండియు పిల్లలు "వచ్చింది, వచ్చింది" అని కేకలుపెట్టుచు లోనికి బిలబిల వచ్చిరి. కామేశ్వరమ్మ ముక్కు చీదుకొనుచు దీపము వెలిగింప బోయెను.

సంజవేళయయ్యెను. విశాఖకు బోవు బండి కూత స్టేషనువైపునుండి వినబడెను. హైమవతి కుర్చీనుండి లేవలేదు. తన ఫోనునందు వైఫైని దెఱచి యా పెట్టె పంచిపెట్టు నంకెకై వేచియుండక రెండవ యంకెను దన చేతితోడనే వ్రాసెను. ఫోను లోనికి బ్రవేశించెను. అందుండి యామె మొదట బంపినది తన పై యధికారికి నొక చిన్నమాట: "అనంతపురం రాలేను, మన్నించండి."

మౌనియగువాని మనసులో దనకు చోటున్నదో లేదో వాకిట నిలిచి తేల్చుట పొరపాటు. చోటుంచితినని నోరువిప్పి చెప్పక తలుపు వంక జూచుచు గూర్చుండుట యంతకంటె బెద్ద పొరపాటు. ఈ రెండు పొరపాట్లకును నొక సంవత్సరము చెల్లిపోయెను.

శిష్యులందఱు కమానులెత్తి గురువునకై వేచియుండిరి. సోమశేఖర మలవాటుచొప్పున కంప్యూటరు నొద్దకు బోయి యా పేజీని దెఱచెను. వరుసలో నన్నింటికంటె పైన రెండవ యంకె వెలుగుచుండెను. ఆత డీసారి వీథిలోనికి బరుగెత్తలేదు.

"మొదలెట్టరా, పొద్దు పోతోంది!" అని లోపలినుండి కామేశ్వరమ్మ కేకవేసెను.

ఆతడు వయొలిను నెత్తుకొని కుర్చీవైపు తిరిగి కూర్చుండెను.