రాయిస్ చివరి ఐదు పొట్టేళ్లు

మా పోటీల్లో పిస్తోలు పేల్చేది వెల్లకిలా పడుకుని. కుడి మోకాలు పైకి మడిచి, గొట్టాన్ని పిక్కకు ఆనించి, తల కాస్త ఎత్తి గొట్టం మీది దుర్బిణిలోంచి చూడాలి. గురి పెట్టేది కోళ్లు, పొట్టేళ్ల ఆకారంలో కోసి నిలబెట్టిన ఇనుప పలకలకి; తగిలి పడితేనే లెక్క. పిక్కకు తోలు పట్టీ కట్టుకోకపోతే ప్యాంటు మసిబారిపోతుంది. నాకున్న ప్యాంట్లలో సగం అలా పాడైనవే. యాభై నాలుగేళ్ల వయసులో వంటిల్లు వదిలి ఈ మట్టిలో పొర్లడం ఎందుకని చర్చిలో ఆడవాళ్లు అడిగారు. వాళ్లకేం చెప్పలేదు గానీ కారణం రాయిస్.

రెండేళ్ల క్రితం ఇదే మైదానంలో మా ఆయన ఆర్డెన్ చివరి ఇనుప పొట్టేలును పడగొట్టాడు. లెక్క రాస్తున్నవాడు రాయిస్. "గడువు ముగిసిన హారన్ మోగాక పేల్చాడు, చెల్లదు" అన్నాడు. ఆర్డెన్ పక్కన కూర్చుని గాలి చూసి చెబుతున్నది నేను. తూటా తగిలిన ఇనుము చప్పుడు హారన్ కంటే ముందే విన్నాను. కానీ మా మోంటానా క్లబ్బులో లెక్క రాసేవాడి మాటే ఆఖరు. ఆ ఒక్క పొట్టేలు తేడాతో గెలుపు రాయిస్‌దయింది. ఆ చలికాలంలోనే ఆర్డెన్ చేతులకు వణుకు మొదలైంది. మళ్లీ పోటీకి దిగలేదు. బీరువాలో పెట్టేసిన అతని పిస్తోలును నేను బయటికి తీశాను.

ఈ జులైలో నాకు నలభైకి ముప్పై ఆరు పడ్డాయి. గాలి చూసి చెప్పింది ఆర్డెన్. నా తరవాతి వంతు రాయిస్‌ది. మాలో ఒకరి తరవాత ఒకరు పేల్చేవాళ్లు ఒకరి లెక్క ఒకరు రాస్తారు కాబట్టి అట్ట, పెన్సిలు నా చేతికొచ్చాయి.

"జాగ్రత్తగా రాయమ్మా మార్లిస్. వంటల పుస్తకం కాదది" అన్నాడు రాయిస్ పడుకుంటూ.

"నువ్వు పడగొట్టు. రాసే సంగతి నాకొదిలెయ్."

అతని బావమరిది వెండెల్ వెనక కూర్చుని గాలి చెబుతున్నాడు. నలభై మీటర్ల కోళ్లు, యాభై మీటర్ల పందులు, డెబ్బై అయిదు మీటర్ల టర్కీలు ముగిశాయి. వంద మీటర్ల పొట్టేళ్లు పది. అయిదేసి చొప్పున రెండు విడతలు. మొదటి అయిదూ వరసగా పడ్డాయి. మొత్తం ముప్పై రెండు. మిగిలిన అయిదూ పడితే గెలుపు అతనిదే. నాలుగు పడితే సమానం.

"ఏం ఆర్డెన్, పెళ్లాన్ని ముందుకు తోసి వెనక దాక్కున్నావా?" అన్నాడు రాయిస్, తల మా వైపు తిప్పి.

"నీడ బాగుందిక్కడ" అన్నాడు ఆర్డెన్.

రాయిస్ నవ్వాడు. అలా నవ్వుతూనే పిస్తోలు దుర్బిణి మీద, దూరాన్ని బట్టి గురి మార్చే మరను వెనక్కి తిప్పాడు. టిక్కుటిక్కుమని పొట్టేళ్ల గుర్తు నుంచి కోళ్ల గుర్తు దాకా. ఆట ముగిశాక మరను కోళ్ల మీదికి తెచ్చి పెట్టడం మా అందరికీ అలవాటు. అతని వేళ్లు ఆ అలవాటు ప్రకారం పనిచేశాయి. కానీ ఆట ముగియలేదు. వెండెల్ అప్పుడు తన చేతి దుర్బిణి అద్దం తుడుచుకుంటున్నాడు. చూడలేదు.

నేను చూశాను.

పడిన పొట్టేళ్లను నిలబెట్టడానికి అందరం మైదానంలోకి నడిచాం. మా క్లబ్బులో ఒక మర్యాద ఉంది. ఎవరి మర తప్పుగా ఉన్నట్టు కనిపించినా, చూసినవాళ్లు "మర చూసుకో" అంటారు. నియమాల్లో లేదు గానీ, ఒకరితో ఒకరికి మాటల్లేనివాళ్లు సైతం ఆ మాట అనకుండా ఊరుకోరు. వంద మీటర్లు వెళ్లి వంద మీటర్లు తిరిగొచ్చేదాకా ఆ రెండు మాటలూ నా నోట్లోనే ఉన్నాయి.

ఆర్డెన్ కూడా చూశాడు. రాయిస్ మళ్లీ పడుకోగానే కుర్చీలో ముందుకు వంగి నోరు తెరిచాడు. నేను అతని మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాను. నా వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు.

మొదలుపెట్టమని హారన్ మోగింది. అయిదు పొట్టేళ్లకు రెండు నిమిషాలు.

మొదటి తూటా పొట్టేలు ముందు నేలలో దుమ్ము లేపింది.

"కిందకి కొట్టావ్" అన్నాడు వెండెల్.

"నొక్కడంలో తేడా వచ్చిందిలే."

రెండోదీ దుమ్మే.

"మళ్లీ కిందే. బాగా కింద. తుపాకీకేమైంది రాయిస్?"

"నోరు ముయ్, నన్ను చూసుకోనీ." మూడోది కాస్త ఎత్తి పేల్చాడు. పొట్టేలు కాళ్ల మధ్య నుంచి పోయింది. అప్పుడు మర వైపు చూశాడు. మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడ్డాడు. గబగబా తిప్పి మిగతా రెండూ పడగొట్టాడు.

మొదటి మూడు గళ్లలో సున్నాలు, తరవాతి రెండింట్లో ఒకట్లు వేశాను. ముప్పై నాలుగు. సంతకం కోసం అట్ట చాపాను.

అతను లేచి కూర్చున్నాడు. పిక్క మీది పట్టీ విప్పలేదు.

"చూశావు కదూ?"

"చూశాను."

"చెప్పలేదే."

"చెప్పలేదు. పడినవి పడ్డాయని రాశాను, నిలబడినవి నిలబడ్డాయని రాశాను. ఆ రోజు నువ్వు ఆ పాటి కూడా చెయ్యలేదు."

వెండెల్ ఏదో అనబోయాడు. రాయిస్ చెయ్యెత్తి ఆపాడు. అట్ట మీది గళ్లు లెక్కపెట్టి సంతకం పెట్టాడు. లేచి వెళ్తూ ఆర్డెన్ కుర్చీ దగ్గర ఆగాడు. ఏమంటాడోనని ఎదురుచూశాను. టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, తన బండి వైపు వెళ్లిపోయాడు. బల్లల మీద బంగాళదుంప సలాడ్, రూబార్బ్ కాడలతో చేసిన తీపి పై సిద్ధంగా ఉన్నాయి. భోజనానికి ఉండలేదు.

నాకు మాత్రం బాగా ఆకలేసింది. ఆ తీపి పై రెండు ముక్కలు తిన్నాను.

ఇంటికొచ్చేటప్పుడు బండి నేనే నడిపాను. పిస్తోలు పెట్టె ఆర్డెన్ ఒళ్లో ఉంది. దాని మూత అతని చేతుల కింద సన్నగా టకటకలాడుతోంది.

"చెప్పి ఉండాల్సింది మార్లీ."

"ఏం, నీ కడుపు చల్లబడలేదా?"

గోధుమ చేలు దాటాం.

"చల్లబడింది" అన్నాడు. "వాడు మర కేసి చూసినప్పుడు నవ్వొచ్చింది నాకు. నలభై ఏళ్లుగా ఈ ఆట ఆడుతున్నా, ఒకడి మర తప్పితే నవ్విన రోజు లేదు."

"నాకలాంటి పట్టింపేం లేదు" అన్నాను. "వచ్చే నెల పోటీలోనూ వాడి లెక్క నేనే రాస్తాను."